గాలిలో ఆగిన చొక్కా

ఉత్తమ నటుడి పేరు ప్రకటించి, అతను వంతెన మీద నుంచి దూకే దృశ్యాన్ని టీవీలో చూపించారు. సభ చప్పట్లతో మారుమోగింది.

"దూకింది మీ అబ్బాయే అత్తయ్యా," అంది కోడలు. "చంకల కింద గుడ్డ వదులుగా ఉంది చూడండి. లోపల తాడు పట్టాలని నేనే అలా కుట్టాను. హీరోగారి చొక్కా బిగుతుగా ఉంటుంది."

"మొహం చూపిస్తే వాళ్ల సొమ్మేం పోయిందట?" అంది అత్త.

చొక్కా గాలిలో ఉబ్బగానే దృశ్యం ఆగింది. నటుడు నవ్వుతూ వేదిక ఎక్కాడు.

"వాణ్ణి కిందికి దిగనీయరేమే?"

కొడుకు షూటింగులో పోయాడని అత్తకు తెలుసు. అది ఈ దృశ్యంలోనేనని కోడలు ఎన్నడూ చెప్పలేదు.

"సినిమాలో అంతవరకే ఉందత్తయ్యా," అంది.

ఆసుపత్రివాళ్లు సంచిలో పెట్టి ఇచ్చిన ఆ చొక్కా బీరువాలో ఉంది. తాడే తెగింది. ఆమె కుట్టులో ఒక్క పోగూ ఊడలేదు.