పదేళ్ళ తేడా

“మెడకి మఫ్లరు చుట్టుకోమంటే వినవేం? ఇంకా చిన్నపిల్లాడివా?”

“డెబ్బై తొమ్మిదేళ్ళొచ్చాయమ్మా! చలేస్తోందో లేదో నాకు తెలీదూ?”

తల్లీకొడుకుల మధ్య ఈ గొడవ రోజూ ఉండేదే. కోడలు నవ్వింది. నూరేళ్ళవాళ్ళ మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. పోయిన నెల ముసలావిడ రక్తం తీసుకెళ్ళింది ఆవిడే.

“రక్తకణాల్లో వయసును పట్టిచ్చే గుర్తులుంటాయండీ. మీ అమ్మగారికి నూరేళ్ళు లేవు. తొంభైకి మించవు. ఇంకోసారి రక్తం తీసి చూస్తాం,” అని చెప్పి వెళ్ళిపోయింది.

“కూర్చున్నచోటే పదేళ్ళు తగ్గారత్తయ్యా, అదృష్టమంటే మీదే!” అంటూ కోడలు వంటింట్లోకి నడిచింది.

ఆయన మఫ్లరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తొంభైలోంచి డెబ్బై తొమ్మిది తీసేస్తే పదకొండు.

“పదకొండేళ్ళకే నన్ను కన్నావా?”

ఆవిడ కిటికీ వైపు చూస్తూ చెప్పింది. “నీ నాలుగో ఏట అమ్మా నాన్నా ఒకే జ్వరంతో పోయారు. నిన్ను అనాథాశ్రమానికి ఇచ్చేయమన్నారు. పసివాణ్ణి తల్లి దగ్గరైతే ఉంచుతారట, అక్క దగ్గర ఉంచరట. నేనా, తాటిచెట్టులా పొడుగు. నిన్ను చంకనేసుకుని ఊరు మారాను. అడిగినవాళ్ళకి పదేళ్ళు ఎక్కువ చెప్పాను.”

ఆయనకి ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. ‘అక్కా’ అని లోపలే ఒకసారి అనుకుని చూశాడు. ఎవరినో పిలిచినట్టుంది.

భోజనాల దగ్గర మెడకి మఫ్లరు చుట్టుకునే కూర్చున్నాడు. భార్య అన్నం వడ్డిస్తుంటే చెప్పాడు.

“రేపు ఆ డాక్టరమ్మకి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తాను. ఇంకోసారి రక్తం ఇవ్వం. అమ్మకి నూరేళ్ళే.”