గుడ్ల గడి

"నీ బిడ్డ బుగ్గలు గట్లెట్ల నిగనిగలాడుతున్నయ్‌రా మొగులప్పా?"

రేవప్ప అడిగిన తీరులో ముద్దేమీ లేదు. గడి పనికి సూపర్‌వైజర్ అతను. మొగులప్ప మేస్త్రీ. బుగ్గలేమో మేస్త్రీ కూతురు నీలమ్మవి. ఇసుక కుప్ప మీద ఆడుకుంటోంది పిల్ల.

"ఎండకు సారు," అన్నాడు మొగులప్ప, తాపీ మీంచి చూపు ఎత్తకుండా.

"మరి గదే ఎండకు నా బుగ్గలెందుకు మెరుస్తలేవు?"

నారాయణఖేడ్‌లో ఒకప్పుడు దొరల కోటగా ఉన్న ఆ పాత గడిని దొర మనవడు హోటల్‌గా మార్పిస్తున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు లిదియా మొదటి రోజే ఖరాఖండిగా చెప్పింది. నిలబడ్డ గోడ ఒక్కటీ కూల్చొద్దు, సిమెంటు గేటు దాటి లోపలికి రావొద్దు. పెచ్చులూడిన చోట పాత పద్ధతిలో గచ్చే వేయాలి. గానుగ సున్నం, బెల్లం, కరక్కాయ నీళ్లు, కోడిగుడ్లు.

గుడ్ల సంగతి దొర మనవడు చెప్పిందే. వాళ్ల ముత్తాత చుట్టుపక్కల ఊళ్లకు మనుషుల్ని తోలి, ఇంటింటా గుడ్లు వసూలు చేయించి గోడలు కట్టించాడట. ఇవ్వనివాడి వీపు చిట్లేదట. అందుకే జనం నోట అది గుడ్ల గడి అయింది. హోటల్‌కూ ఆ పేరే పెడతానని మనవడి పట్టు.

రోజూ పొద్దున గుడ్ల గంప వస్తోంది. గోడలోకే పోతోందని మేస్త్రీ అంటాడు. రేవప్పకు నమ్మకం లేదు. చెత్తకుప్ప కెలికాడు. పెంకులు ఉన్నాయి. కలిపిన సున్నం వాసన చూశాడు. బెల్లం వాసన తప్ప ఏమీ రాలేదు. ఆఖరికి వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు మహానుభావుడు! నాలుక కాలి మధ్యాహ్నం దాకా మాట పెగల్లేదు. కూలీలకు ఆ పూట పండగే.

పండగ అందరికీ కాదు. గుడిసెలో మొగులప్పకు ముద్ద దిగడం లేదు.

"ఇగ చాలు హన్మమ్మా. గానికి అనుమానం ముదిరింది."

"పిల్లకు రక్తం లేదు, గుడ్డు పెట్టుమని దవాఖానల చెప్పలేదా? నువ్వేమన్న కొనితెస్తవా?" అంది భార్య.

"దొరికితే అందరి పని పోతది. మల్ల హైదరాబాద్ బస్సే. పోయినేడు గా ఫుట్‌పాత్ మీద పిల్ల ఎట్లయిందో మర్సినవా?"

"మర్వలే. అందుకే పెడుతున్న."

నీలమ్మకు ఒక్కటని మొదలైంది. పక్క గుడిసెల పిల్లలు నోట్లో వేలేసుకుని చూస్తుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? ఇప్పుడు గంప గంపంతా పొయ్యి మీదికే. పెంకులు మాత్రం మర్యాదగా గానుగ పక్కకు చేరుతున్నాయి.

లిదియా మళ్లీ వచ్చినప్పుడు రేవప్ప ఎదురెళ్లాడు.

"మేడం, గోడల గుడ్డు లేదు. నా మాట అబద్ధమైతే నన్నే పీకేయండ్రి."

"మేస్త్రీ, నిజమేనా?"

"ఏసిన మేడం," అన్నాడు మొగులప్ప.

ఆమె పాత గోడ నుంచి ఒక పెచ్చు, కొత్త గోడ నుంచి ఒక పెచ్చు తీయించింది. "రెండూ పరీక్షకు పంపుతా. కొత్తది పాతదానితో కలవాలి. కలవకపోతే గచ్చంతా తీయించాల్సిందే. మేస్త్రీని కూడా మార్చాల్సిందే."

ఆ తర్వాత మొగులప్పకు కంటి మీద కునుకు లేదు. జీపు చప్పుడైతే చాలు, పని ఆపి గేటు వైపు చూసేవాడు.

ఫలితం తెలిసిన రోజు లిదియా జీపు దిగేసరికి కూలీలంతా పని ఆపి నిలబడ్డారు. హన్మమ్మ బిడ్డను కొంగు చాటుకు లాక్కుంది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు మొగులప్ప.

"మేడం, తప్పు నాదే. గీళ్లనేమనకుండ్రి..."

"నేను చెప్పేదాకా ఆగు," అంది లిదియా.

రేవప్పకు ఆగే ఓపిక లేదు. "గోడల గుడ్డు ఉన్నదా లేదా, గదొక్కటి చెప్పుండ్రి మేడం!"

"లేదు. జాడ కూడా లేదు."

"నేను చెప్పలేదా! ఏయ్, సామాను సర్దుండ్రిరా! జల్దీ! బస్సు టైమైతుంది!"

మొగులప్ప చేతిలోని తాపీ జారి కింద పడింది. నీలమ్మ భయపడి ఏడుపందుకుంది.

"ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. రెండు పెచ్చులకూ వెంట్రుకవాసి తేడా లేదు," అంది లిదియా.

రేవప్ప నోరు తెరిచాడు. "గదెట్ల మేడం?"

ఆమె నవ్వు ఆపుకోలేక దొర మనవడి ముత్తాత కట్టించిన గోడకు ఆనుకుంది.

"ఇందులోనూ గుడ్డు లేదు."