పన్నెండో పాఠం

జపాన్ వాళ్ళ షాకుహాచి వేణువును ఆర్మూరుకు తెచ్చిన ఘనత సుకుమార్ మాస్టారిది. చర్చిలో కీబోర్డు వాయించే ఆయన నాలుగు నెలల కిందట దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించాడు. వెంట ఒక పుస్తకం వచ్చింది. పాఠాలన్నీ పాశ్చాత్య స్వరలిపిలో, అయిదు గీతల మీద నల్లచుక్కలు. మాస్టారికి జపాన్ సంగీతం తెలియదు. చుక్కలు తెలుసు. అది చాలనుకుని మార్కెట్ యార్డు పక్క గదికి వేణువు క్లాసుల బోర్డు కట్టేశాడు.

నలుగురు చేరారు. ఉన్న ఒక్క వేణువునే వంతులవారీగా ఊదేవారు. ముగ్గురికి వారం దాకా గాలి తప్ప ఏమీ రాలేదు. ఒక్కోరోజు మాస్టారికీ అంతే. యార్డులోంచి వచ్చే పసుపు దుమ్ము వల్ల అనేవాడు.

నాలుగో మనిషి ఎస్తేరు. దవాఖానలో ఆయా; అంతకుముందు కొన్నేళ్ళు బయటిదేశంలో ముసలివాళ్ళను చూసుకునే పని చేసి వచ్చింది. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చేది.

"గీ బుక్కు సదువుడు నేర్పుండ్రి సార్, సాలు," అంది మొదటిరోజే.

ఆమె ఊదగానే వేణువు మోగింది. అది మాస్టారికి నచ్చలేదు.

"తల ఊపకు. ఊపుడు నోటేషన్‌ల లేదు."

ఆమె తల ఊపడం మానేసింది.

"స్వరం మీదికెల్లి జారుతున్నవ్. జారొద్దు, దుంకాలె."

దూకింది.

"ఊపిరి ఇనవడుతుంది. అది మ్యూజిక్ కాదు, దమ్ము."

ఊపిరి బిగపట్టింది.

చర్చి వార్షికోత్సవం దగ్గరపడింది. పుస్తకంలోని పన్నెండో పాఠాన్ని అక్కడ ఎవరు వాయించాలో తేల్చడానికి రిహార్సల్ పెట్టాడు. ముందు తానే కాలితో తాళం వేస్తూ వాయించాడు. ఒక్క చుక్క వదల్లేదు. అయిపోయినందుకు శిష్యులు చప్పట్లు కొట్టారు.

ఎస్తేరు వంతు వచ్చింది. పుస్తకం మూసేసి ఊదింది. తల ఊగింది. స్వరం జారింది. ఊపిరి వినిపించింది. బయట బస్తాలు మోస్తున్న హమాలీ ఒకడు మెట్టు మీదే కూర్చుండిపోయాడు. పక్కనున్న శిష్యురాలు రజని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మాస్టారి మొహం మాడిపోయింది.

"గివన్నీ బుక్కుల యాడున్నయమ్మా? రాసినాయన కంటె నీకెక్కువ తెల్సా? ప్రోగ్రాంల నువ్వు లేవు, పో!"

ఎస్తేరు వేణువు తుడిచి బల్ల మీద పెట్టింది.

"గీ బుక్కు రాసిన తాతకు జపాన్‌ల ఆఖరి మూడేండ్లు నేనే అన్నం తినిపించిన సార్, ఆయన ఎట్ల ఊదిండో గట్లనే ఊదిన."