అమావాస్య పోటు

ఏరు సముద్రంలో కలిసేచోట, ఇసక బొరియలో పోలయ్య అనే పీత కాపురముండేవాడు. నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు గనక, తెలివైనవాడని ఒప్పుకోక తప్పదు. అమావాస్యనాడు అతని పెళ్ళాం నూకాలు పాత డిప్ప విడిచింది. కొత్తది గట్టిపడేదాకా ఒళ్ళంతా వెన్నముద్దే. పోటు బొరియలోకొస్తే, నీళ్ళతో వచ్చే చేపలు ఆమెను గుటుక్కున మింగేస్తాయి.

మధ్యాహ్నం పోలయ్య గుమ్మంలో నిలబడి ఆకాశం కేసి చూశాడు. "రాత్రంతా చూశాను, చంద్రుడి జాడే లేదు. లాగేవాడు లేనప్పుడు నీళ్ళెలా వస్తాయి?" అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు.

పక్క రాతి మీద నత్తవ్వ నవ్వింది. "కనపడకపోతే లేడట్రా వెర్రినాగన్నా? సూర్యుడి పక్కన చేరాడు. ఇవాళ ఇద్దరూ ఒకే వైపు నించుని లాగుతారు."

"సూర్యుడి ముందు చంద్రుడు ఆవగింజంత కదవ్వా!"

"బరువులో అంతే. కానీ దగ్గరున్నాడు. ఎంత బరువున్నా, దూరం పెరిగేకొద్దీ పట్టు సడలిపోతుంది. అందుకే నీళ్ళను పొంగించడంలో ఆ చిన్నోడిదే పైచేయి. కబుర్లాపి పెళ్ళాన్ని గట్టుమీదికి చేర్చు!"

అప్పటికే నురగ గుమ్మాన్ని తడిపింది. పోలయ్య నూకాలును పొదివి పట్టుకుని, అడ్డంగా పరుగెడుతూ గట్టుమీదికి ఈడ్చాడు. వెనక బొరియ నిండిపోయింది. నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చి ఆగాయి.

"ఇక వదులు, నొప్పెడుతోంది," అంది నూకాలు.

"వదలను. నా బరువెంతని? దగ్గరుంటేనే కదే నాకు పట్టు!"