తల్లీకూతుళ్ళ రక్తం

2004లో మా కాలేజీ తరఫున గుణదలలో ఊబకాయం సర్వే చేశాను. లావుకు కారణం జన్యువులా, తిండా అని తేల్చడానికి తల్లీకూతుళ్ళ రక్తం తీసుకోవాలి.

"మా వంశమే లావండీ. గాలి పీల్చినా ఒళ్ళొస్తది," అంది శౌరమ్మ, కూతురు దీవెన ఆవకాయన్నంలో మూడో గరిటె నెయ్యి వేస్తూ.

ఇలాంటి అబద్ధాలంటే నాకు రోత. "జన్యువులు నెయ్యి వడ్డించవమ్మా," అన్నాను.

కూతురి రక్తం మాత్రం తియ్యనివ్వనంది.

"సూదంటే భయమా, నిజమంటేనా?" అని వెక్కిరించాను.

దీవెనను మంచినీళ్ళకు పంపి, గొంతు తగ్గించింది. "నిజమంటేనండీ. నెలల పిల్లప్పుడు తెచ్చి పెంచుకున్నాం. దానికి తెలీదు."

దీవెన గ్లాసుతో వచ్చింది. "మా వంశమేనాండీ, నా తిండా?"

దీవెన రక్తం కోసం తీసిన ఖాళీ సీసా సంచిలో వేసుకున్నాను. "వంశమేనమ్మా. అంతా మీ అమ్మ పోలికే."