కనుమ లైను

సోవియట్ రాజ్యం కూలాక నరీన్ కొండల్లో టెలిఫోను వాళ్లకు జీతాలు ఆగిపోయాయి. తీగలు వేసిన చేతులే వాటిని కోసి, చైనా వర్తకులకు రాగి కింద అమ్ముకున్నాయి. ఎక్స్ఛేంజిలో బుర్మాది రాత్రి డ్యూటీ. ఆమె మొగుడు జుమాబెక్ కూడా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, కనుమ లైను కోసుకొస్తానని తెల్లవారకుండానే వెళ్లాడు. మధ్యాహ్నం నుంచి ఒకటే మంచు తుఫాను.

చీకటి పడ్డాక తమ్ముడు సాత్కిన్ ఒక్కడే ఎక్స్ఛేంజికి వచ్చాడు. రాగి చుట్టను దబ్బున పడేసి, పొయ్యి ముందు కాళ్లు చాపాడు.

"మీ అన్నేడయ్యా?"

"కనుమ గుడిసెలో ఆగాడు వదినా, పొద్దున వస్తాడు. నా మొహం చూస్తే అంత దిగులా? కాస్త టీ పోద్దూ."

టీ పోస్తుండగా బోర్డు మీద కనుమ లైను గంట మోగింది. బుర్మా చేయి ఆగిపోయింది.

"ఆ లైను తీగంతా ఇదేగా?"

"జానెడు కూడా వదల్లేదు. ఎత్తకు వదినా."

ఆమె ఎత్తింది. గాలి హోరు. ఆ హోరులోంచి జుమాబెక్ దగ్గు, వెనకే ఏడుపు.

"బుర్మా, సాత్కిన్ లోయలో పడిపోయాడే. అమ్మకు ఏం చెప్పను?"

ఆమె మెల్లగా తిరిగి చూసింది. పొయ్యిలో నిప్పులు ఎర్రగా మండుతున్నాయి. సాత్కిన్ బూట్ల మీది మంచు మాత్రం ఒక్క బొట్టు కరగలేదు.

"అది అన్న కాదు వదినా," అన్నాడు సాత్కిన్, టీ ముట్టకుండానే. "అన్నను ఈ చేతులతోనే మంచులో పూడ్చి వచ్చాను. చెప్పడానికి నోరు రాలేదు."

"ఎవరే అక్కడ, నీతో మాట్లాడేది?" అంది ఫోనులోని గొంతు.