పది నిమిషాల పెట్టె

"దీనికన్నా గట్టిది లేదా పిన్నీ?"

కౌంటరు మీదున్న ఇనప పెట్టెను అమ్మాయి వేలి కణుపుతో కొట్టి చూసింది, పుచ్చకాయ కొనేవాళ్ళు కొట్టి చూసినట్టు.

"తుపాకీ పెట్టుకోవడానికి ఇంతకన్నా గట్టిది కావాలంటే బ్యాంకులో అద్దెకుండాలే," అంది పిన్ని.

రైఫిల్ షూటింగ్ సామాన్లు అమ్మే ఆ కొట్టు పిన్నిదే. గురి సాధన చేసే రేంజికి వెళ్ళేవాళ్ళంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ఈ అమ్మాయి ఆవిడకి ఆరేళ్ళుగా తెలుసు. రైఫిల్ పట్టిందంటే పతకం లేకుండా ఇంటికెళ్ళేది కాదు. అలాంటిది ఎనిమిది నెలలుగా అజాపజా లేదు. ఇవాళ కొట్టు తెరిచీ తెరవగానే మొగుణ్ణి వెంటబెట్టుకుని దిగింది. అతన్ని పిన్ని చూడటం ఇదే మొదలు.

"ఇన్నాళ్ళూ ఏమైపోయావే?"

"ఒంట్లో బాగాలేదండీ," అన్నాడు భర్త, ఆమె నోరు తెరిచేలోపే.

"ఇప్పుడు నయమే," అంది అమ్మాయి. "పాత గ్లవ్ వదులైపోయింది. ఒక సైజు చిన్నదివ్వండి. కింద పరుచుకునే మ్యాటొకటి. చెవి మఫ్‌లు రెండు జతలు."

"రెండెందుకు? అల్లుడుగారూ కాలుస్తారా?"

"నేనా? బుడగ పగిలితేనే ఉలిక్కిపడతాను," అన్నాడతను. "పక్కన కూర్చుంటాను. ఇకమీదట తనని ఎక్కడికీ ఒంటరిగా పంపను."

అరలోకి వెళ్ళిన పిన్ని చెయ్యి అక్కడే ఆగింది. బిల్లులో రాయడానికి లైసెన్సు అడిగితే, అమ్మాయి లైసెన్సు అతని జేబులోంచి వచ్చింది.

'ఓహో, ఇదా సంగతి,' అనుకుంది పిన్ని.

"పిల్లలున్నారా ఇంట్లో?"

"లేరు. మేమిద్దరమే."

"ఇద్దరికీ ఇంత కోట ఎందుకే?"

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారుగా! ఈశ్వరుడి వల్ల కానిది మీ పెట్టె వల్ల అవుతుందేమోనని." అమ్మాయి నవ్వింది. అతను నవ్వలేదు.

ఉన్నది ఇద్దరు. తుపాకీ అమ్మాయిది. ఇక దొంగ ఎవరో తేల్చడానికి పిన్నికి వేళ్ళు మడవాల్సిన పనే లేదు. ఆవిడ భర్త బతికున్నన్నాళ్ళూ వాళ్ళింట్లో గాజుగ్లాసు అన్నది నిలవలేదు. మగవాడి కోపం ఎంత దూరం విసరగలదో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఆ దొంగే వంగి, ఊడిపోయిన పెళ్ళాం బూటు లేసు కడుతున్నాడు. ఆమె ఏదో మాట్లాడుతూ అలవాటుగా కాలు ముందుకు పెట్టింది. పిన్నికి మతి పోయింది.

అతను మఫ్‌లు తగిలించుకుని, వినబడుతోందో లేదో చూసుకుంటూ వీధి గుమ్మం దాకా నడిచాడు. అదను చూసి పిన్ని కౌంటరు మీదికి వాలింది.

"నిజం చెప్పవే. చెయ్యి చేసుకుంటాడా?"

"ఆయనా!" అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "చీమ కుడితే చీమకే సారీ చెప్తారు. ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కసురుకోలేదు పిన్నీ. అదే నా బాధ."

కసిరితే బాధపడతారు గానీ, కసరకపోతే బాధేమిటి? అనుభవించేవాళ్ళు ఇలాగే వెనకేసుకొస్తారు. తనూ వెనకేసుకొచ్చింది కదూ, గ్లాసులన్నీ పిల్లి పగలగొట్టిందని చెప్పి! ఆ ఇంట్లో పిల్లే లేదు.

"మారు తాళంచెవి ఉంటుందా దీనికి?" అడిగింది అమ్మాయి.

"ఉంటుంది, నంబరు మర్చిపోతే పనికొస్తుంది. జాగ్రత్తగా దాచుకో."

"ఇంట్లో వద్దు. మా వదిన దగ్గర పెడతాం. తూటాల పెట్టె కూడా అక్కడే." గొంతు తగ్గించింది. "గట్టిగా పట్టుబట్టి పగలగొడితే ఎంతసేపు ఆగుతుంది?"

"ఎంత బలమున్న మనిషికైనా పది నిమిషాలు పడుతుంది."

"పది నిమిషాలు చాలు."

"దేనికి?"

"మనసు మారడానికి."

పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంత భయంతో ఆ తుపాకీ ఎందుకే? అమ్మిపారెయ్యి. ప్రాణం కన్నా పతకాలు ఎక్కువా?"

మఫ్‌లు మెడలోకి దించుకుని అప్పుడే వెనక్కొచ్చిన భర్త, "నేనూ అదే అన్నానండీ," అన్నాడు.

ఎంత నంగనాచి! పిన్ని అతన్ని ఎగాదిగా చూసింది.

"గురి చూస్తున్నంతసేపే నా తల ఖాళీగా ఉంటుంది పిన్నీ," అంది అమ్మాయి, గ్లవ్ వేళ్ళు ఒక్కొక్కటే సరిచేసుకుంటూ. "అదీ తీసేస్తే పొద్దున లేవడానికి నాకింకేం లేదు. అందుకే డాక్టరు కూడా ఇలా కుదిర్చాడు. వారానికి రెండుసార్లు రేంజి, మిగతా రోజులు పెట్టె."

డాక్టరు దాకా వెళ్ళిందా వీడి కోపం! అయినా మందు వేసుకోవాల్సింది మొగుడైతే, వారానికి అయిదు రోజులు తుపాకీ దాచడమేమిటో పిన్నికి బోధపడలేదు. బోధపడకపోయినా చెయ్యాల్సిందేదో తెలిసింది. బిల్లు పక్కకి నెట్టి పెట్టెను ముందుకు లాగింది.

"నంబరు ఇక్కడే వేసుకెళ్ళండి. వేసిన మనిషికి తప్ప నాకూ తెలీదు. పుట్టినరోజులూ, పెళ్ళిరోజులూ వెయ్యకండి." గొంతు పెంచి, భర్త మొహంలోకి సూటిగా చూసింది. "ఈ పెట్టె తెరవకూడని మనిషెవరో వాళ్ళు కాసేపు ఆ గోడవైపు తిరగండి."

అతను కదల్లేదు. కుడిచేతి వేళ్ళు చొక్కాకి తుడుచుకుని, పెట్టెను మెల్లిగా తనవైపు తిప్పుకున్నాడు. నంబరు మీటల మీద వేలు పెట్టాడు.

"చెప్పేది మీకేనండీ అల్లుడుగారూ!" అని కసిరి, సాయం కోసం పిన్ని అమ్మాయి వైపు చూసింది.

అమ్మాయి అప్పటికే గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుంది.